పేషంట్లను పట్టుకొచ్చే బాయి

మా పనికి ఇప్పుడు ఘనమైన పేరు పెట్టారు. మా అక్క మనవరాలు పుణేలో కొత్త మందుల పరీక్షలు నడిపే ఆఫీసులో చేరింది. పరీక్షలో చేరిన మనుషులు మధ్యలో జారిపోకుండా చూడటం ఆమె పని. దానికో ఇంగ్లిషు హోదా, మెడలో కార్డు, ఫోన్లో ఒక్క మీట నొక్కితే అందరికీ ఒకేసారి వెళ్లే సందేశాలు. "నువ్వూ ఇదే పని చేశావట కదా చిన్నమ్మమ్మా, నాకేమైనా చెప్పు" అని అడిగింది. చెప్తే సగం వింటుంది, మిగతా సగం ఫోన్ చూస్తుంది. అందుకే రాస్తున్నాను.

మా రోజుల్లో హోదా లేదు. నియామక పత్రంలో ఏదో పెద్ద మాట ఉండేది కానీ నాందేడ్‌లో దాన్ని పలికిన పాపాన ఎవరూ పోలేదు. దవాఖానా మెట్ల మీద కూర్చున్నవాళ్లు నన్ను చూపించి "పేషంట్లను పట్టుకొచ్చే బాయి" అనేవాళ్లు. మున్సిపాలిటీలో కుక్కలు పట్టే బండివాడికీ నాకూ తేడా ఏమిటని నేనే కొన్నిసార్లు అనుకున్నాను. వాడు కనీసం కుక్కల మంచి కోసమే పట్టుకుంటున్నానని వాటికి చెప్పడు.

నన్ను ఈ పనిలోకి తీసుకున్నది నా తెలివి చూసి కాదు. మా నాన్న రైల్వేలో పాయింట్స్‌మన్‌గా సికింద్రాబాద్ వైపు నుంచి వచ్చి నాందేడ్‌లో స్థిరపడ్డాడు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, వీధిలో దక్ఖనీ. డెబ్బయ్యో దశకంలో మా క్షయ దవాఖానాకు ఒక కొత్త మందు పరీక్ష వచ్చింది. అప్పటిదాకా క్షయ అంటే ఏడాదిన్నర సూదులూ మాత్రలూ. ఈ కొత్త మందుతో ఆరు నెలల్లో నయమవుతుందా, నయమైంది మళ్లీ తిరగబెడుతుందా అని చూడాలి. పేషంట్లలో సగం మంది బిలోలి, దెగ్లూర్ వైపు తెలుగు ఊళ్లవాళ్లు, డాక్టర్లకు తెలుగు రాదు. నేను అలా దొరికాను.

మ్యాపు ముందు కూర్చున్న మనిషి

మా పెద్ద డాక్టర్‌ను అందరూ సాహెబ్ అనేవాళ్లం. బొంబాయి నుంచి వచ్చాడు. చదువుకు లోటు లేదు, ఇస్త్రీకి అసలే లోటు లేదు. ఆయన గదిలో గోడంతా జిల్లా మ్యాపు. క్రమంగా వచ్చే పేషంటు ఊరి మీద పచ్చ గుండుసూది, మానేసినవాడి ఊరి మీద ఎర్రది. రోజూ పొద్దున టీ తాగుతూ ఆ ఎర్ర సూదులకేసి కోపంగా చూసేవాడు. ఆ ఊళ్లలో ఒక్కదానికీ ఆయన ఎస్టీ అనే సర్కారు బస్సులో పోయి ఎరగడు.

మానేసినవాళ్లకు ఆయన దగ్గర మూడు కారణాలు సిద్ధంగా ఉండేవి. చదువు లేదు, మూఢనమ్మకం, బద్ధకం. నాలుగో కారణం మేమే కావచ్చని ఆ బుర్రకు ఎప్పుడూ తట్టలేదు.

ఒకసారి ఆడవాళ్లను సోమవారం రమ్మని నిర్ణయించాడు. దవాఖానాలో మా కళ్ల ముందే మాత్ర మింగాలి. శ్రావణ మాసం వచ్చింది. ఇక్కడి ఆడవాళ్లు శ్రావణ సోమవారాలు పొద్దు గూకేదాకా ఏదీ నోట పెట్టరు. మాత్ర చేతిలో పెడితే కళ్లకద్దుకుని కొంగున కట్టుకున్నారు. బుధవారానికి మార్చండి సాహెబ్ అన్నాను. "సైన్సుకు శ్రావణం ఉండదు బాయి" అన్నాడు. మాట బాగుంది, ఆయనకే బాగా నచ్చి ఆ వారంలో మరో ఇద్దరికి వినిపించాడు కూడా. మూడో సోమవారానికి వరండాలో బల్లలు ఖాళీ. నాలుగోదానికి ఏమీ ఎరగనట్టు బుధవారమని నోటీసు అంటించాడు. కింద సంతకం కూడా ఆయనదే, కొత్త ఆలోచన తనదే అయినట్టు.

పిల్లా, నీ పై అధికారి ఎలాంటివాడో తెలుసుకోవాలంటే ఒక్కటే చూడు. మనుషులు రాకపోతే మొదట ఎవరి తప్పు అంటాడో చూడు.

మంచి రంగు

ఆ కొత్త మందు మింగితే మూత్రం ఎర్రగా వస్తుంది. కొందరికి మాత్రలు ఇంటికిచ్చి పంపేవాళ్లం. నిజంగా మింగుతున్నారో లేదో తెలియడానికి సీసాలో మూత్రం తెమ్మనేవాళ్లం. ఇందులో మోసానికి తావే లేదని సాహెబ్ మీటింగులో చెప్పాడు.

ఉమ్రి నుంచి రైల్లో ముగ్గురు కలిసి వచ్చేవాళ్లు. ముగ్గురి సీసాలూ ఒక్క తీరున ఎర్రగా, చూడముచ్చటగా ఉండేవి. సాహెబ్ ఆ ముగ్గురినీ మెచ్చుకున్నాడు. ఒకరోజు ముగ్గురిలో పెద్దాయన రైలు అందుకోలేక ఒక్కడూ వెనకబడ్డాడు. మిగతా ఇద్దరూ సీసాలు ఖాళీగా పట్టుకుని ఆయన కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. నాకు అర్థమైంది. పెద్దాయన వచ్చాక పక్కకు పిలిచి అడిగాను.

"వాళ్లకు గా గోలీలు కడుపుల తిప్పుతున్నయి బాయి. మింగుతలేరు" అన్నాడు ఏమాత్రం దాపరికం లేకుండా. "నాది మంచి రంగు అస్తది. డాక్టర్ సాబ్ ఖుష్ అయితడని ముగ్గురికి నాదే పోసిన."

నవ్వు ఆపుకోలేకపోయాను. తర్వాత నవ్వు రాలేదు. కడుపులో తిప్పుతోందని చెప్తే సాహెబ్ కసురుకుంటాడని ఆ ఇద్దరికీ తెలుసు. రావడం మానేస్తే నాకు మాట వస్తుందనీ తెలుసు. జబ్బు ముదిరినా సరే, మమ్మల్ని నొప్పించకూడదని చూశారు. మేము అడిగిన దానికి వాళ్లు జవాబు తెచ్చారు, అంతే. మేము అడిగింది వాళ్లు బాగున్నారా అని కాదు, సీసాలో రంగు ఉందా అని.

ఆ ఇద్దరికీ మందు మార్పించడానికి నెల పట్టింది. ఆ నెలంతా సాహెబ్ నాతో మాట్లాడలేదు. అది మాత్రం హాయిగా ఉండింది.

రెండు పేర్ల పిల్ల

ఇప్పటిదాకా ఇతరుల తెలివితక్కువతనం చెప్పాను. నాది చెప్పకపోతే ఈ రాతకు అర్థం లేదు.

గంగామణిది బిలోలి దగ్గర మంజీర ఒడ్డున ఊరు. తండ్రికి రెండెకరాల చెలక. పద్దెనిమిదేళ్ల పిల్ల, దగ్గి దగ్గి ఎముకల గూడై వచ్చింది. కాగితం మీద వేలిముద్ర వేయించింది నేనే. మరాఠీలో నాలుగు పేజీల కాగితం అది. నేను దాన్ని రెండు వాక్యాలు చేసి చెప్పాను. ఆరు నెలలు మందు, ఆపైన రెండేళ్లు నెలనెలా వచ్చి తెమడ పరీక్షకు ఇవ్వాలి. "ఇవ్వాలి" అనే చెప్పాను.

ఆరు నెలలూ ఒక్కరోజు తప్పలేదు. దగ్గు పోయింది, బుగ్గలు నిండాయి, తెమడలో క్రిమి లేదు. మందు ఆపేశాం. తర్వాత కొన్నాళ్లు నెలనెలా వచ్చింది. తరువాత దెగ్లూర్ బజారులో ధాన్యం కమీషన్ దుకాణం ఉన్న ఇంటికి కోడలిగా వెళ్లింది. పెళ్లికి ముందు తండ్రి నా దగ్గరికి వచ్చి చేతులు పట్టుకున్నాడు.

"వాళ్లకు చెప్పలేదమ్మా. తెలిస్తె తెల్లారి ఇంటికి పంపిస్తరు. నువ్వు మాత్రం గా ఇంటి దిక్కు రాకు."

"నేనెందుకొస్త, నువ్వు పో" అన్నాను.

ఆమె రావడం ఆగిపోయింది. మ్యాపు మీద ఎర్ర సూది పడింది. సాహెబ్ జీపులో ఇద్దరిని దెగ్లూర్ పంపాడు. గంగామణి అనే కోడలు ఏ ఇంట్లో ఉందని వాళ్లు బజారంతా అడిగి, ఎవరికీ తెలియదని తిరిగొచ్చారు. తెలియకపోవడంలో వింత లేదు. ఈ సరిహద్దు ఊళ్లలో తెలుగువాళ్లు కూడా మరాఠీవాళ్ల ఆచారం పట్టుకున్నారు. పెళ్లయ్యాక పళ్లెంలో బియ్యం పోసి, పెళ్లికొడుకు ఉంగరంతో అందులో కోడలికి కొత్త పేరు రాస్తాడు. ఆనాటి నుంచి అత్తింట్లో పాత పేరు చెల్లదు. మా రిజిస్టర్లో ఉన్న గంగామణి దెగ్లూర్‌లో లేనే లేదు. ఆ కొత్త పేరే ఆ పిల్లకు రక్ష.

"నలుగురు జారిపోయారు. ఇంకొకరు జారితే మన దవాఖానా లెక్కే తీసుకోరు. నీకు తెలుగు వచ్చని కదా పెట్టుకుంది?" అన్నాడు సాహెబ్.

ఈ మాట నాకు గుచ్చుకుంది. జీపువాళ్లకు చేతకానిది నాకు చేతనవుతుందని చూపించాలనిపించింది. సరిగ్గా ఇక్కడే నా బుద్ధి గడ్డి తిన్నది. బిలోలి బస్సెక్కి గంగామణి తల్లి దగ్గరికి వెళ్లాను. పండుగకు అల్లుడు ఏం తెచ్చాడు, వాళ్ల దుకాణం పేరేమిటి, అత్త ఎలా చూస్తోంది అని అదీ ఇదీ మాట్లాడాను. తల్లి మురిసిపోతూ "మా శోభకు అత్త మంచిదే దొరికింది" అంది. అన్న వెంటనే నాలుక కరుచుకుంది. నేను విననట్టు టీ తాగి వచ్చాను.

కార్డు

నేనా ఇంటికి వెళ్లనని మాటిచ్చాను కదా. వెళ్లలేదు. పోస్టుకార్డు రాశాను. మాట నిలబెట్టుకున్నానని నాకు నేను చెప్పుకున్నాను కూడా.

సౌభాగ్యవతి శోభ గారికి, మీరు తనిఖీ కోసం ఒకసారి నాందేడ్ రావాలి. ఇంతే. జబ్బు పేరు రాయలేదు, మందు పేరు రాయలేదు. నా తెలివికి నేనే మురిసి, జావక్ బల్ల మీద పెట్టాను. జావక్ అంటే బయటికి పోయే ఉత్తరాల గుమాస్తా. దవాఖానా నుంచి పోయే ప్రతి కార్డు మీదా అతను రబ్బరు ముద్ర వేస్తాడు. ముద్రలో ముందుండే మాట క్షయరోగ. రోజూ ఆ ముద్ర నా కళ్ల ముందే పడుతుంది. చూసి చూసి అది నాకు కనిపించడం మానేసింది.

కార్డు ఇంటికి పోలేదు, దుకాణానికి పోయింది. ధాన్యం తెచ్చిన రైతులు పదిమంది కూర్చుని ఉన్నారట. మామగారికి కళ్లజోడు లేక గుమాస్తాను చదవమన్నాడు. అతను పై నుంచి మొదలుపెట్టాడు, అంటే ముద్ర నుంచి.

మూడో రోజున గంగామణిని బిలోలి బస్సెక్కించారు.

నాకు ఇదంతా ఎలా తెలిసిందంటే, తరువాతి నెల తనిఖీ రోజున ఆమె వచ్చింది. ఎవరూ పిలవలేదు, తనంతట తనే. తెమడ డబ్బీ అడిగి తీసుకుంది. ముఖంలోకి చూడలేక ఎందుకొచ్చావని అడిగాను.

"ఇగ దాచేదేముందక్కా" అంది. "ఆడికి పోయేది లేదు, ఈడికన్న అస్త."

ఆ నెల నుంచి ఒక్క తేదీ తప్పలేదు. వానకు బిలోలి బస్సు బంద్ అయితే ఎడ్లబండి మీద రోడ్డుకొచ్చి ఇంకో బస్సు పట్టుకుంది. బొంబాయి నుంచి పెద్దలు వచ్చినప్పుడు సాహెబ్ ఆమె కాగితం తీసి చూపించాడు. "చేజారిన పేషంటు. ఒక్క కార్డుతో వెనక్కి తెచ్చాం" అన్నాడు. పెద్దలు తలలూపారు. మానేసిన వాళ్లందరికీ కార్డులు రాయమని నాకు ఆర్డరు వచ్చింది. రాయనన్నాను. కారణం చెప్పాను. ఆయన విని, "అయినా వచ్చింది కదా బాయి" అన్నాడు. నిజంగా ఈ మాటే అన్నాడు. ఇన్నేళ్లయినా తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

మా రిజిస్టరు లెక్కలో గంగామణి అందరికంటే మంచి పేషంటు. ఇల్లు కూలిపోయిన మనిషి ఎక్కడికీ పోదు, పిలిచిన చోటికల్లా వస్తుంది. నీ ఆఫీసులో నూటికి నూరు మందీ క్రమంగా వస్తున్నారని ఎవరైనా జబ్బలు చరుచుకుంటే, ఎందుకొస్తున్నారో ఒక్కసారి కనుక్కో.

దెగ్లూర్‌లో అడిగిన ప్రశ్న

ఒక నెల ఆమె నన్ను ఒక్కటే అడిగింది. "నాకు మంచిగైందని కాయితం రాసియ్యక్కా. ఆళ్లకు చూపెడ్త."

సాహెబ్‌ను అడిగితే కుదరదన్నాడు. పరీక్ష ముగిసేదాకా ఎవరి ఫలితమూ బయట పెట్టకూడదట. ఆ పిల్ల కాపురానికి అక్కరకొచ్చే ఒక్క కాగితం మా బీరువాలో ఉంది, బీరువాకు నియమం ఉంది. అప్పుడు నేనే దెగ్లూర్ బస్సెక్కాను.

అత్త వాకిట్లో కూర్చుని చేటలో జొన్నలు చెరుగుతోంది. నేను గయ్యాళిని ఊహించుకుని, బస్సంతా పోట్లాటకు మాటలు కూర్చుకుంటూ వచ్చాను. ఆమె పీట వేసి మంచినీళ్లిచ్చింది. నేను ఎవరో చెప్పాను. గంగామణికి పూర్తిగా నయమైందని, నెలనెలా పరీక్షలో ఏమీ లేదని, ఆమె వల్ల ఎవరికీ అంటదని చెప్పాను. ఆమె చేట ఆపకుండా వింది.

"మంచిగైందంటవు."

"మంచిగైంది. మందు బంద్ జేసి ఏడాది దాటె."

"మరి మంచిగైనోళ్ల ఎనుక దవాఖాన ఎందుకు పడ్తది? నా మోకాలు మంచిగైనంక నన్ను మల్ల ఎవ్వలు పిలువలే."

"అది ఆమె కోసం కాదు" అన్నాను. "మందు గట్టిగ పనిజేసిందా, మల్ల తిరగబెడ్తదా అని చూసుకునేటందుకు. ఎనుక అచ్చే పేషంట్ల కోసం."

"అంటె మీ అవుసరం."

"అవును."

"గా పోరికి చెప్పిన్రా, ఇది మా అవుసరం, నువ్వు రాకున్నా నడుస్తదని?"

"చెప్పలే" అన్నాను జొన్నల కేసి చూస్తూ.

ఆమె అప్పుడు చేట కింద పెట్టింది. "పెండ్లికి ముందు ఆళ్లు మాకు చెప్పలేదని ఆమెను ఇంటికి పంపిన. మీరు ఆమెకు చెప్పలే. మిమ్ముల ఎవ్వలు పంపుతరు బాయి?"

ఆమె గొంతు పెంచలేదు. నేను కూర్చుకొచ్చిన మాటల్లో ఒక్కటీ పనికి రాలేదు. ఆమె చేసింది న్యాయమని నేను అనను. ఒక పోస్టుకార్డు చూసి మనిషిని బస్సెక్కించడం దుర్మార్గమే. కానీ ఆ మాట అనడానికి నాకు ముఖం లేకపోయింది. ఆ వేసవిలో కొడుక్కి ఇంకో పెళ్లి చేశారు.

తరువాతి తనిఖీ రోజున గంగామణిని వరండాలో కాక లోపల గదిలో కూర్చోబెట్టాను. మొదటి రోజు చెప్పవలసింది అప్పుడు చెప్పాను. దగ్గు మళ్లీ వస్తే, బరువు తగ్గితే, వెంటనే రా, అది నీ కోసం. నెలనెలా ఇచ్చే ఈ తెమడ ఎక్కువగా మా కోసం. ఇష్టమైతే ఇవ్వు. లేకుంటే మానెయ్యి. నిన్ను ఎవ్వరూ ఏమీ అనరు.

ఆమె డబ్బీ మూత తిప్పుతూ విన్నది.

"ముందుగాల సుత రాకున్నా నడుస్తుండెనా?"

"నడుస్తుండె."

"దెగ్లూర్ల ఉన్నప్పుడు?"

"అప్పుడు సుత."

ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందేమోనని ఆశపడ్డాను కూడా. "మరి గా కార్డు ఎందుకు రాసినవక్కా?" అని మెల్లగా అడిగింది. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

సాహెబ్ పేరు చెప్పొచ్చు. గోడ మీది మ్యాపు చూపించొచ్చు. రాసింది నేను. జీపువాళ్లకంటే తెలివైనదాన్నని అనిపించుకోవడానికి రాశాను. అది ఆమె ముఖం మీద చెప్పే ధైర్యం నాకు రాలేదు.

ఆమె ఖాళీ డబ్బీని బల్ల మీద పెట్టి, కొంగు సరిచేసుకుని లేచింది. మెట్లు దిగి బస్టాండ్ వైపు నడిచింది. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆమెను వెనక్కి పిలవడమే నా ఉద్యోగం. పిలవలేదు.